ప్రమాద రసాయనములు - ప్రజల యెఱుక

2022వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీ రాత్రి ఏలూరు జిల్లా ముసునూరు మండలములోని అక్కిరెడ్డిగూడెమున పోరస్ లేబరేటరీస్ వారి కర్మాగారములో ప్రేలుడు సంభవించి మంటలు చెలరేగెను. ఆఱుగురు కార్మికులు మృతినొందిరి. వారిలో నలుగురు పొట్టకూటికై బిహారునుండి వచ్చినవారు. కర్మాగారమును మూసివేయవలయునని గ్రామస్థులు ఆందోళనము చేసిరి. ప్రభుత్వమువారు మృతుల కుటుంబములకు 25 లక్షల రూపాయల చొప్పున పరిహారము ప్రకటించిరి. పరిహారము న్యాయమే. కాని పోయిన ప్రాణమును ఏ ద్రవ్యమును మరల తేజాలదు. ప్రమాదము జరుగకమున్నే ప్రజలకు తెలియవలసిన దేమి, దానిని తెలుపవలసినవా రెవరు అను విషయమును విచారింపవలసి యున్నది.

ఈ సీమ వరిచేలకును చేపల చెరువులకును పేరుగాంచినది. అయినను ప్రమాదకర రసాయనములు మన యిండ్లకు దూరముగా లేవు. కొల్లేటి చుట్టుపట్ల చేపలు చెడకుండుటకు మంచుగడ్డలు చేయు ఐసు ఫ్యాక్టరీలలో అమ్మోనియా కలదు. తాడేపల్లిగూడెము వంటి నూనె పరిశ్రమలుగల పట్టణములలో తవుడునుండి నూనె తీయుటకు హెక్సేను వాడుదురు. త్రాగునీటిని శుద్ధిచేయుటకు క్లోరిను కావలయును. ఇవి లేక నేటి జీవనము సాగదు. పరిశ్రమలు వలదనుట మా మతము కాదు. వానిచే కూడు తినువారును, వాని ప్రక్కను నివసించువారును వాని స్వభావమును ఎఱిగియుండవలెననుటయే మా మతము.

ఏలయన, ఒక్కొక్క రసాయనము స్వభావము ఒక్కొక్క తీరుగా నుండును. అమ్మోనియా నీటిలో సులభముగా కరగును. కావున తడిగుడ్డను ముక్కునకు అడ్డుపెట్టుకొని, వీచుగాలికి అడ్డముగా తొలగిపోవుట మేలు. క్లోరిను గాలికంటె బరువైనది, పల్లములను వెదకికొని పోవును. కావున మెఱకకు చేరవలెను. హెక్సేను ఆవిరి నేలబారున ప్రాకును. దూరముననున్న యొక్క నిప్పురవ్వ చాలును, మంట వెనుకకు పరుగెత్తుకొని వచ్చును. అచ్చట దీపపు మీటను నొక్కుటయు ప్రమాదమే. ఒకదానికి చాలు నుపాయము వేఱొకదానికి చాలదు. ప్రక్కనున్న గోడ వెనుక ఏమి యున్నదో తెలియనివాడు ఎటు పరుగెత్తవలెను?

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి పన్నెండుగురిని బలిగొనెను. నీరభ్ కుమార్ ప్రసాద్ గారి యాధ్వర్యమున విచారించిన సంఘము, కర్మాగారములో 36 చోట్ల సైరను మ్రోగించు సదుపాయ మున్నను దానిని వినియోగింపలేదని తేల్చెను. యంత్రము లేక కాదు, మీట నొక్కు మనుష్యుడు లేక జనులు నిద్రలోనే విషమును పీల్చిరి. ఆ యేటి డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆఱువందల మందికిపైగా మూర్ఛలతో ఆసుపత్రి చేరిరి. అది కర్మాగార ప్రమాదమని మేము చెప్పుటలేదు. రోగుల రక్తములో సీసము, నికెలు కనబడెననిరి, పురుగుమందులనుగూర్చియు అనుమానించిరి. శరీరములో చేరినదేమో తెలియనప్పుడు వైద్యుడు సయితము చీకటిలో తడవులాడవలసినదే యని ఆ దినములు మనకు నేర్పినవి.

శాసనములు లేవా? కలవు. 1984 నాటి భోపాలు ఘోరము పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. దాని క్రింద ప్రమాద రసాయనములనుగూర్చి 1989లో నియమములు చేయబడెను. పెద్ద ప్రమాదమునకు అవకాశముగల కర్మాగారపు టధిపతి లోపలి రక్షణకు ప్రణాళిక వ్రాయవలెను; వెలుపలి ప్రజలకు రాగల ప్రమాదమును, అప్పుడు చేయవలసిన పనులను, చేయరాని పనులను తెలుపవలెను. 1996 నాటి నియమములు జిల్లాకు కలెక్టరుగారి యధ్యక్షతన నొక సంఘమును, స్థానికముగా మఱియొక సంఘమును ఏర్పరచినవి. స్థానిక సంఘము నెలకొకసారి కూడవలెను. మా పాఠకులలో ఎందఱు అట్టి సమావేశమునుగూర్చి వినియుందురు? వ్రాసిన ప్రణాళిక బీరువాలో నిదురించినచో అది కాగితమేగాని రక్షణ కాదు.

ఇక కొల్లేటి మాట. తమ్మిలేరు, బుడమేరు తెచ్చు నీరెల్ల ఈ సరస్సును చేరి, ఉప్పుటేరు మార్గమున సముద్రమున గలియును. 1986 నవంబరు 1వ తేదీన స్విట్జర్లాండులోని బేసెల్ వద్ద సాండోజ్ కంపెనీ గిడ్డంగి తగులబడగా, మంట నార్పుటకు చల్లిన నీరే పురుగుమందులను రైను నదిలోనికి మోసికొనిపోయి చేపల నసంఖ్యాకముగా చంపెను. అగ్ని నార్పిన నీరు ఏటిపాలు కాకుండ నిలువజేయు తొట్టి లేకపోవుటచే కలిగిన చేటది. ఎగువ వాగుల యొడ్డున అట్టిది జరిగినచో దిగువ వలపై బ్రదుకు కుటుంబముల గతి యేమి?

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి కర్మాగార ద్వారమున లోపలనున్న రసాయనముల పేళ్లు, వాని గుణములు, చేయవలసిన పనులు తెలుగునను, బిహారు కార్మికులకు తెలియునట్లు హిందీలోను వ్రాసిపెట్టవలెను. సైరను శబ్దమును ముందుగా చాటించి, గ్రామస్థులచే అభ్యాసము చేయింపవలెను. నియమములు నిర్ణయించిన పరిమాణముకంటె తక్కువ నిలువగల చిన్న ఐసు ఫ్యాక్టరీలను సయితము తనిఖీలో చేర్చవలెను. కొద్దిపాటి అమ్మోనియా యైనను ప్రక్కవానికి చాలును. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో రసాయన యంత్రశాస్త్రము బోధించుచున్నారు. ఆ విద్యార్థులను గ్రామములకు పంపి యీ విజ్ఞానమును పంచవచ్చును. స్థానిక సంఘపు తీర్మానములు పంచాయతీ గోడపై నెలనెల కనబడవలెను.

ఇందులకు కోట్ల ధనము అక్కఱలేదు. అధికారుల శ్రద్ధయు, యజమానుల నిజాయితీయు, ప్రజల యడుగుటయు కావలయును. అడుగుట ప్రజల హక్కు, చెప్పుట వారి విధి. శవములను లెక్కించిన పిదప వేయు విచారణ సంఘముకంటె, ప్రాణములుండగా గోడపై వ్రాసిన నాలుగు పంక్తులే మేలని మేము దృఢముగా నమ్ముచున్నాము.