రాత్రంతా సైకిలు మీద సముద్రానికా? ముందు నిద్ర సంగతి చూడండి

సికింద్రాబాదు వారికి సముద్రమంటే మోజు. అలలు చూడాలంటే మూడు వందల కిలోమీటర్లు దాటి పోవలసిందే కదా! "శనివారం రాత్రి అందరం సైకిళ్ల మీద బయలుదేరి, తెల్లవారేసరికి సముద్రం ఒడ్డున ఉందాం" అనే ముచ్చట మీ ఇంట్లోనూ వినిపిస్తూ ఉండవచ్చు. పిల్లలు అలా అంటే వెంటనే కోప్పడకండి. అలాగని వెంటనే సరే అనకండి.

ఇది కొత్త సరదా కాదు. లండనులో 1990ల నుంచి ఏటా జూలైలో, పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం రాత్రి వందలాదిమంది బయలుదేరి, సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని డన్విచ్ తీరానికి తొక్కుకుంటూ పోతారు. మన జంటనగరాల్లో 'హైదరాబాద్ రాండనీర్స్' వారు 200 నుంచి 600 కిలోమీటర్ల దాకా సైకిలు యాత్రలు నడుపుతారు. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27 గంటలు గడువు. నెలల తరబడి సాధన చేసినవారికే ఇంత సమయం ఇస్తున్నారని గమనించండి.

మన ఊరి నుంచి సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నానికి సుమారు 340 కిలోమీటర్లు. మామూలు మనిషి గంటకు పదిహేను, పద్ధెనిమిది కిలోమీటర్లు తొక్కుతాడు. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. కొత్తవారు సైకిళ్లను రైలులో లగేజీగా బుక్ చేసుకుని ముందుగా విజయవాడ చేరి, పగలు హాయిగా పడుకుని, రాత్రి అక్కడి నుంచి మంగినపూడి తీరానికి తొక్కడం మేలు. అది సుమారు 80 కిలోమీటర్లు.

అసలు శత్రువు నిద్ర

కాళ్లు నొప్పి పుడితే మనిషి తనంతట తానే ఆగుతాడు. నిద్ర అలా కాదు. నిద్ర సుఖమెరుగదని సామెత. సైకిలు మీద ఉన్నామన్న సంగతి కూడా దానికి పట్టదు. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే, పదిహేను మీటర్లు గుడ్డిగా పోయినట్టే. పక్కన లారీ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడితో సమానమని పరీక్షల్లో తేలింది. మన చట్టం వాహనం నడిపేవారికి 30 మిల్లీగ్రాములు దాటనివ్వదు. ఉదయం ఆరింటికి లేచి, పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదకొండింటికి సైకిలెక్కేవారు ఈ సంగతి ఆలోచించండి.

కాబట్టి ముందు రెండు రాత్రులు నిండా నిద్రపోండి. బయలుదేరే రోజు మధ్యాహ్నం రెండు గంటలైనా పడుకోండి. రాత్రి రెండు నుంచి అయిదు గంటల మధ్య మగత ఎక్కువ. ఆ వేళకు వెలుతురు, మనుషులు ఉన్న చోట ఆగి, కాఫీ తాగి, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. లేచేసరికి కాఫీ పనిచేయడం మొదలవుతుంది.

గుంపులో వచ్చే చిక్కు మొహమాటం. "నావల్ల అందరూ ఆగాలా?" అని ఒకరు నోరు మూసుకుంటారు. బయలుదేరే ముందే మాట అనుకోండి: నిద్ర వస్తోందని ఒక్కరు అన్నా అందరూ ఆగాలి. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారి వేగమే అందరి వేగం. గట్టివాడు ముందు కాదు, చివర ఉండాలి. ప్రతివారికీ శిరస్త్రాణం, ముందూ వెనకా లైట్లు, మెరిసే పట్టీలున్న చొక్కా తప్పనిసరి.

తిండి, నీళ్లు

బయలుదేరే ముందు బిర్యానీ వద్దు. ఇడ్లీ, పెరుగన్నం వంటివి మితంగా తినండి. దారిలో గంటకు రెండు అరటిపళ్లంత ఆహారం చాలు. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగండి. అలాగని లీటర్లకు లీటర్లు పట్టించకండి. రక్తంలో ఉప్పు పలచబడి తల తిరగడం, వాంతులు రావచ్చు. మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ గానీ, ఓఆర్ఎస్ గానీ పుచ్చుకోండి.

సీటు మీద కూర్చుని మడమను కింది పెడలు మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొస్తాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలో నరం నొక్కుకుంటోందన్నమాట. చేతులు పట్టే చోటు మార్చండి.

ఎవరు వెళ్లకూడదు?

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపు పోటు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా వెళ్లవద్దు. ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి దారిలోనే కాదు, మర్నాడు పడుకున్నప్పుడు కూడా చక్కెర పడిపోవచ్చు. గర్భిణులు ఈ యాత్ర మానుకోవాలి. ఛాతీలో నొప్పి, చల్లని చెమట, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆగి 108కి ఫోను చేయించండి.

సముద్రం కనబడగానే నీళ్లలోకి పరుగెత్తకండి. అలసిన పిక్కలు పట్టేస్తే ఈత వచ్చినవాడు కూడా మునిగిపోతాడు. అరికాళ్లు తడుపుకుని, టిఫిను తిని, నీడన పడుకోండి. తిరుగు ప్రయాణం రైలులోనో, బస్సులోనో చేయండి. రాత్రంతా తొక్కినవారు ఎవరూ ఆ రోజు కారు గానీ, మోటారు సైకిలు గానీ నడపకూడదు.

ఇంట్లో పెద్దలకు ఒక మాట. పిల్లలు బయలుదేరేటప్పుడు "ఎప్పుడు చేరతావు?" అని అడగకండి, తొందరపడతారు. "మధ్యాహ్నం పడుకున్నావా?" అని అడగండి. లేదంటే, సముద్రం వచ్చే వారం చూడవచ్చునని చెప్పి ఆపండి.