మీకు తెలుసా? బైబిల్లో చేపలు నశిస్తాయా, పెరుగుతాయా?

సిరిసిల్లకు సముద్రం దూరం. ఇక్కడ చేపలంటే మానేరువే, మధ్య మానేరు జలాశయానివే. అయినా ఆదివారం చర్చికి వెళ్లి వచ్చినవారికి ఈ సందేహం రావచ్చు: ఒకే గ్రంథం సముద్రపు చేపలు నశిస్తాయనీ, లెక్కలేనన్ని పుడతాయనీ ఎలా చెబుతుంది?

● జెఫన్యా 1:3లో మనుషులు, పశువులు, పక్షులు, చేపలు నశిస్తాయని ఉంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో సృష్టి జరిగిన వరుసకు ఇది సరిగ్గా తలకిందులు.

● హోషేయ 4:2-3 ప్రకారం చేపల నాశనానికి కారణం దేశంలో పెరిగిన అబద్ధం, హత్య, దొంగతనం.

● యెహెజ్కేలు 47లో దేవాలయం నుంచి పారే నది మృత సముద్రంలో కలుస్తుంది. ఉప్పునీళ్లు మంచినీళ్లవుతాయి, చేపలు లెక్కలేనన్ని పుడతాయి, జాలరులు ఒడ్డున వలలు ఆరబెడతారు. నేడు మృత సముద్రపు నీటిలో ఉప్పు మామూలు సముద్రాల కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువ. అందుకే అక్కడ చేప బతకదు.

● ప్రకటన 8:9లో సముద్ర ప్రాణుల్లో మూడో వంతు, 16:3లో అన్నీ చనిపోతాయి. 21:1 నాటికి సముద్రమే ఉండదు.

మరి ఇది వైరుధ్యమేనా? యెహెజ్కేలు చెప్పింది ఒక్క మృత సముద్రం గురించి, అదీ చెరలో ఉన్నవారికి ఆశగా. చేపల నాశనాన్ని చెప్పే వచనాలు పాపానికి శిక్షను హెచ్చరించే మాటలు. వీటిని అక్షరాలా నమ్మేవారూ ఉన్నారు, ప్రతీకలుగా చదివేవారూ ఉన్నారు. ఏ వచనాన్నైనా ముందువెనకలతో కలిపి చదవండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.