గెలుపెవరిదో ముందుగా చెప్పవచ్చునా?

రేపటి సంగతి నేడే తెలిసికొనవలెనను కుతూహలము మానవునకు సహజము. రైతు మబ్బును జూచి వర్షము నూహించును; వైద్యుడు నాడిని జూచి జ్వరగతి నూహించును. ఆటల విషయమునను ఈ కుతూహలమునకు కొదువ లేదు. వేసవి సాయంకాలములందు మా బౌద్ధనగరు వీథులలో నడచినవారికి ఈ సంగతి తెలియును. ఉప్పల్ స్టేడియము ఇచ్చటికి దూరము కాదు. క్రికెట్ పోటీలు జరుగు దినములలో తార్నాక కూడలియందును, విశ్వవిద్యాలయపు చెట్లనీడలందును, టీకొట్లయందును "రేపు గెలుపెవరిది?" అనుటయే మాట.

శీతకాలము రాగా ఇట్టి ప్రశ్నయే సముద్రములు దాటి వచ్చును. మా విద్యార్థులలో కొందరి అన్నలును మేనమామలును అమెరికాలో నున్నారు. జనవరి మాసమున వారు ఫోనులో అచ్చటి ఫుట్‌బాల్ ప్లేఆఫ్ పోటీల ముచ్చట చెప్పుదురు. పిల్లలు మరునాడు తరగతికి వచ్చి, ఏ జట్టు గెలుచునో గణితము చేత చెప్పవచ్చునా యని మమ్మడుగుదురు. గణితము బోధించువారము గనుక సమాధానము చెప్పుట మా విధి. ఇప్పుడు వ్రాయుటకు వేరొక కారణమును గలదు. దానిని మొదట చెప్పుట న్యాయము.

2024 మే నెల 25వ తేదీ సాయంకాలము మా విద్యార్థి యొకడు దారిలో కనబడి, "సార్, రేపు ఫైనల్ ఎవరు గెలుస్తరు?" అని యడిగెను. మరునాడు చెన్నపట్టణమున సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టునకును కోల్‌కతా నైట్ రైడర్స్ జట్టునకును ఐ.పి.ఎల్. తుది పోటీ. మేము ఆలోచింపకయే "మనవాళ్ళే, సందేహము లేదు" అంటిమి. ఏప్రిల్ 15వ తేదీన సన్‌రైజర్స్ వారు బెంగుళూరులో 3 వికెట్లకు 287 పరుగులు చేసిన వైభవము మా కన్నులలో మెదలుచుండెను. ఆ సంవత్సరమే లీగు పోటీలో నొకసారి, మే 21వ తేదీన అహ్మదాబాదులో మరియొకసారి, అదే కోల్‌కతా జట్టు చేతిలో మనవారు ఓడిరను సంగతి మాకు జ్ఞప్తికి రాలేదు. తుది పోటీలో సన్‌రైజర్స్ 113 పరుగులకే కుప్పకూలిరి. కోల్‌కతా వారు రెండు వికెట్లు మాత్రమే కోల్పోయి గెలిచిరి.

జూన్ నెలలో బడి తెరచినప్పుడు ఆ బాలుడు నోటు పుస్తకములు లేకుండ వచ్చెను. విచారింపగా, పుస్తకములకై తల్లి యిచ్చిన సొమ్మును పెద్దపిల్లల పందెములో నొడ్డి పోగొట్టుకొనెనని తెలిసెను. ఎందుకట్లు చేసితివని యడుగగా, తల వంచుకొని, "సందేహము లేదని మీరే అన్నరు గద సార్" అనెను. ఆ మాట మాకు ముల్లువలె నాటినది. పుస్తకములు మేము కొని యిచ్చితిమి. కాని మా తప్పు అంతటితో తీరలేదు. కావున ఆనాడు వీథిలో చెప్పవలసిన సమాధానమును నేడు ఈ పత్రికలో చెప్పుచున్నాము.

మొట్టమొదట పోటీ స్వరూపము గ్రహింపవలెను. లీగు పద్ధతిలో జట్లు అనేకమారులు ఆడును; ఒకనాటి దురదృష్టము మరియొకనాడు సరిపడును. నాకౌట్ పద్ధతిలో నట్లు కాదు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు ముందునకు. అమెరికా దేశపు ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. అందు కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుదురు. అచ్చటి జాతీయ లీగులో 32 జట్లు గలవు. 2021 నుండి ఒక్కొక్క జట్టు సాధారణ కాలములో 17 పోటీలాడుచున్నది. వానిలో 14 జట్లు ప్లేఆఫులకు చేరును. ఆ మీదట ప్రతి దశయు ఒక్క పోటీతోనే తేలిపోవును. చివరిదానికి సూపర్ బౌల్ అని పేరు. 14 జట్లలో నొకటి మిగులవలెనన్న 13 జట్లు ఓడవలెను గనుక మొత్తము 13 పోటీలు.

ఇక గణితమునకు వత్తము. ఒక డబ్బాలో 6 ఎఱ్ఱపూసలు, 4 నల్లపూసలు వేయుడు. చూడకుండ ఒక పూసను తీసి, రంగు చూచి, మరల డబ్బాలో వేయుడు. ఇట్లు మూడుమారులు చేయుడు. మూడుమారులును ఎఱ్ఱపూసయే వచ్చినచో మీ జట్టునకు కప్పు వచ్చినట్లు. ఎఱ్ఱపూసలే యెక్కువ గనుక ఇది సులభమని తోచును. లెక్క చూడుడు: 100 ప్రయత్నములలో మొదటి పోటీని సుమారు 60 దాటును, ఆ 60లో రెండవదానిని 36 దాటును, ఆ 36లో మూడవదానిని దాటునవి 22 మాత్రమే. అనగా ప్రతి ప్రత్యర్థి కంటెను మేలైన జట్టు కూడ 100కి 78 మారులు కప్పు లేకుండ ఇంటికి పోవును! పదింటిలో 8 గెలువగల మహాబలము గల జట్టుకైనను 100కి 51 మారులు మాత్రమే కప్పు దక్కును. అదే పదింటిలో 6 గెలుచు జట్టు ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల వరుస ఆడి, నాలుగు గెలిచినవారే విజేతలన్నచో, 100కి 71 మారులు నెగ్గును. ఆటలు పెరిగిన కొలది బలము బయటపడును. తగ్గిన కొలది అదృష్టము పెత్తనము చేయును.

ఇది పుస్తకముల లెక్క మాత్రమే కాదు. మన నగర చరిత్రయే దీనికి సాక్షి. డెక్కన్ ఛార్జర్స్ జట్టు 2008లో ఐ.పి.ఎల్. పట్టికలో చిట్టచివర నుండెను. 2009లో నాలుగవ స్థానమున సెమీఫైనలు చేరి, పట్టికలో మొదటిదైన ఢిల్లీ జట్టును ఓడించి, మే 24వ తేదీన జొహన్నెస్‌బర్గులో బెంగుళూరు జట్టుపై 6 పరుగులతో గెలిచి కప్పు తెచ్చెను. 2016లో సన్‌రైజర్స్ మూడవ స్థానమున నిలిచిరి. ఆ స్థానము వారు కప్పునకై వరుసగా మూడు పోటీలు గెలువవలెను. సరిసమానమైన బలముతో అట్లు గెలుచుట 100కి 12 లేక 13 మారులు మాత్రమే జరుగును. వారు కోల్‌కతాను, గుజరాతును, బెంగుళూరును వరుసగా ఓడించి కప్పు గెలిచిరి. అరుదైనది జరిగినది, అద్భుతము కాదు.

మొన్న గెలిచినవారే నేడును గెలుతురను నియమము కూడ లేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు ప్రారంభ దశలో దక్షిణ కొరియా చేతిలో 2–0 గా ఓడెను. సెప్టెంబరు 4వ తేదీన తుది పోటీలో అదే కొరియాను 2–1 గా ఓడించి స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టునకు శిక్షకుడు మన హైదరాబాదు వాడగు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన తొలుత బడిపంతులని చెప్పుటకు మాకు గర్వముగా నున్నది. తలకు దెబ్బతగిలిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ముందువరుసలో నాడించెను. తుది పోటీలో ఒక గోలు అతడే చేసెను. పాత ఫలితములనే చూచువాడు ఇట్టి మార్పును ఎట్లూహించును? అమెరికాలోను ఇట్లే జరిగినది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు 2007 సాధారణ కాలములో 16కు 16 పోటీలును గెలిచెను. వానిలో చివరిది న్యూయార్క్ జెయంట్స్ పైననే. ప్లేఆఫులలో మరి రెండును గెలిచెను. కాని 2008 ఫిబ్రవరి 3వ తేదీన సూపర్ బౌలులో అదే జెయంట్స్ 17–14 తో వారిని ఓడించిరి.

అట్లయిన బలము వ్యర్థమా? కాదు. రహీము శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు గెలిచెను. కప్పునకు మూడు పోటీలే యని తలచినను, పదింటికి 8 గెలుచు జట్టు అయిదేండ్లు వరుసగా కప్పు తెచ్చుట 100కి 3 లేక 4 మారులు మాత్రమే జరుగును. కావున ఆ జట్టు బలము అంతకంటె మిక్కిలి హెచ్చని మనము న్యాయముగా ఊహింపవచ్చును. ఒక్క ఫలితము అదృష్టము కావచ్చును. ఫలితముల వరుస బలమునకు సాక్ష్యము.

ఈ బలమును కొలుచుటకు అర్పాద్ ఎలో అను భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చదరంగము కొఱకు ఒక పద్ధతి కల్పించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దానిని 1970 నుండి అనుసరించుచున్నది. ప్రతి ఆటగానికి కొన్ని పాయింట్లుండును. బలవంతుని గెలిచినచో ఎక్కువ పాయింట్లు చేరును, బలహీనుని గెలిచినచో తక్కువ. ఇద్దరి నడుమ 100 పాయింట్ల భేదమున్నచో పైవానికి 100కి 64 వంతులు, 200 భేదమున్నచో 76 వంతులు రావలెనని లెక్క. నేడు ఫుట్‌బాల్ జట్లకును ఈ పద్ధతి నుపయోగించుచున్నారు. దానికి తోడు స్వస్థలము, గాయములు, విశ్రాంతి దినములు, రాత్రి మంచు మొదలగువానిని కలిపి చూడవలెను. ఇంత చేసినను చేతికి వచ్చునది ఒక సంఖ్యయే, వాగ్దానము కాదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి రేటింగులో మిన్నయైయుండియు, 2025 జులైలో బటూమిలో జరిగిన ప్రపంచకప్పు తుది పోటీలో దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడెను. సంఖ్య అబద్ధము చెప్పలేదు; తక్కువ వంతు వారికిని వంతు గలదని చెప్పెను.

ఇక "నేను చెప్పినదెల్ల జరిగినది" అను వారి సంగతి. 2010 ప్రపంచకప్పు ఫుట్‌బాలులో జర్మనీ దేశపు ఒబర్‌హౌసెన్ పట్టణమున నొక ఆక్టోపస్ ఎనిమిది పోటీల విజేతలను తప్పక సూచించి ప్రసిద్ధి కెక్కెను. ఎనిమిదింటిని గ్రుడ్డిగా ఊహించి నెగ్గుట 256 మందిలో ఒకరికి సాధ్యమే. లోకమున నెన్ని జంతువుల చేత జోస్యము చెప్పించిరో, తప్పినవాని పేర్లు మనకు వినరావు గదా! ఇంకొక మోసమును గమనింపుడు. ఒకడు బౌద్ధనగరులోని 64 ఇండ్లకు ఫోను సందేశము పంపును: సగము ఇండ్లకు ఒక జట్టు గెలుచునని, సగమునకు రెండవది గెలుచునని. సరిపోయిన 32 ఇండ్లకే రెండవ పోటీకి మరల అట్లే పంపును. తరువాత 16 ఇండ్లకు. మూడు పోటీలు గడచునప్పటికి 8 ఇండ్లవారు వానిని మహాజ్ఞాని యని నమ్ముదురు. నాలుగవ సందేశమునకు వాడు రుసుము అడుగును!

మరి నిజమైన ఊహకుని గుర్తించుటెట్లు? 1950లో గ్లెన్ బ్రయర్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒక చక్కని కొలత నిచ్చెను. జోస్యము చెప్పువాడు "గెలుచును" అనరాదు. 100కి ఎంతయో చెప్పవలెను. 70 అని చెప్పగా ఆ జట్టు గెలిచినచో లోటు 30, దాని వర్గము 900 తప్పుమార్కులు. ఓడినచో లోటు 70, వర్గము 4900. ఎల్లప్పుడును 50 అనువానికి ప్రతిసారి 2500. అనేక పోటీల సగటు ఎవరికి తక్కువయో వాడే ఉత్తముడు. ఈ కొలతతో మా మాటను మేమే దిద్దుకొంటిమి. "సందేహము లేదు" అనగా 100. జట్టు ఓడెను గనుక తప్పుమార్కులు 10000. ఇంతకంటె హీనమైన మార్కు ఈ పరీక్షలో లేదు. పాత ఫలితములు తలచి 40 అనియుండినచో 1600తో పోయెడిది. ఆ తల్లి సొమ్మును నిలిచియుండెడిది.

తలిదండ్రులకొక మనవి. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే డబ్బు నొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025లో పార్లమెంటును అట్టి చట్టము చేసెను. అయినను చట్టము ప్రతి బాలుని జేబులోని ఫోనును చూడజాలదు. "మా వాడు ఆటలు బాగా తెలిసినవాడు, ఓడడు" అను నమ్మకమే మిక్కిలి ప్రమాదకరము. ఆట తెలిసినంత మాత్రమున ఫలితము తెలియదని పైలెక్కలు చెప్పుచున్నవి.

ఆ బాలునకు మేము పాఠ్యపుస్తకముల నోట్లతో పాటు మరియొక చిన్ననోటును ఇచ్చి, ప్రతి పోటీకి ముందు 100కి ఎంతయో వ్రాసి, తరువాత తప్పుమార్కులు వేసికొనుమంటిమి. 2025 పోటీలు ముగిసిన పిమ్మట వాడు దానిని తెచ్చి చూపెను. ఇతర జట్ల విషయమున వాని యూహలు మితముగా నుండెను. సన్‌రైజర్స్ ఆడిన ప్రతిసారియు సంఖ్య హెచ్చుగా నుండెను. ఆ సంవత్సరము సన్‌రైజర్స్ ప్లేఆఫులకే చేరలేదు. "మనోళ్ళంటే ఎక్కువ రాస్తున్న సార్" అని వాడే కనిపెట్టెను. మేము ఆనాడు చేసిన తప్పును వాడు తన నోటులో తానే పట్టుకొనెను. మా పాఠములలో ఇంతకంటె చక్కగా వంటబట్టినది వేరొకటి లేదని తలచుచున్నాము.

విద్యార్థులారా! మీ జట్టును ప్రేమింపుడు. అది గెలువవలెనని కోరుడు. కాని కోరికను లెక్కగా పొరబడకుడు. ఊహింపుడు, సంఖ్య వ్రాయుడు, తప్పినప్పుడు దాచక దిద్దుకొనుడు. ఇకమీదట మమ్మెవరైనను దారిలో నిలిపి గెలుపెవరిదని యడిగినచో, మేము చెప్పునది ఒక సంఖ్యయే. దానితో పాటు, పుస్తకముల సొమ్ము పుస్తకములకే యని చెప్పక విడువము.