జ్వరం చేసే పని

పెయ్యి కాలుతోందంటే పటాన్‌చెరు, పాశమైలారం, జిన్నారం వైపు ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్లలో తరచూ జరిగేది ఒకటే. మెడికల్ షాపులో చెప్పి నాలుగు రకాల గోలీలు తెచ్చుకుంటారు, లేదా ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. తెల్లారి షిఫ్టుకు పోతారు. ఒక్కరోజు పోకుంటే కూలి పోతుంది, వాళ్ల తొందరను తప్పుపట్టలేం. నా బాధంతా ఆ గోలీల్లో కలిసిపోయే యాంటీబయాటిక్ గురించే.

క్రిమి చొరబడిందని తెల్లరక్తకణాలు కబురంపగానే మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని పెంచమంటుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. అందుకే 101 డిగ్రీలున్నా చలేస్తుంది, దుప్పటి కప్పుకోబుద్ధవుతుంది. ఆ వేడిలో చాలా సూక్ష్మజీవుల పెరుగుదల మందగిస్తుంది, రోగనిరోధక కణాలు చురుకవుతాయి. పారాసిటమాల్ వేడినీ ఒళ్లునొప్పులనూ తగ్గిస్తుంది గానీ క్రిమిని ఏమీ చేయదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరల్ జ్వరానికి దండగ. మూడో రోజుకు దానంతటదే తగ్గిన జ్వరానికి కూడా పేరు సూదికే వస్తుంది.

ఈ నేల మీద ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరిన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా రేపు ఆ మందుకు లొంగదు. స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ కాలుష్యంపై దశాబ్దాల పాటు పోరాడారు. ఈ కాలుష్యం చేరిన వాగులను బాగుచేయాల్సింది కంపెనీలు, ప్రభుత్వం. అక్కరలేని గోలీ మింగకుండా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది.

అలాగని జ్వరాన్ని గాలికొదిలేయకూడదు. మూడు నెలల్లోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీలు వచ్చినా, ఎవరికైనా ఫిట్స్, ఆయాసం, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. డెంగీలో జ్వరం దిగే వేళే అసలు గండం. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఆలస్యం చేయొద్దు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టుకోవద్దు. ఎండాకాలం బాయిలర్ దగ్గర ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పితే అది జ్వరం కాదు, వడదెబ్బ. గోలీ పనిచేయదు. నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఊళ్లో అమ్మకో నాన్నకో జ్వరమని తెలిస్తే నీళ్లు తాగుతున్నారా, మూత్రం సరిగా వస్తోందా, డాక్టరుకు చూపించారా అని అడగండి. డాక్టరు చూసి రాయని యాంటీబయాటిక్‌ను మాత్రం కొననివ్వకండి.