ఆస్కార్ చేప నుదుట గుంటలు

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో నడిచేవారికి మరమగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట కూడా తరచుగా వినవస్తుంది. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవి. మా అక్కగారి కుటుంబం వాటిలో ఒకటి. ఆ ఇంటి ముందుగదిలో ఒక గాజు తొట్టి, ఆ తొట్టిలో ఒకే ఒక చేప. జానెడు పొడవు, బొగ్గు రంగు దేహం మీద నిప్పుకణికల వంటి మచ్చలు, తోక మొదట నారింజ వలయంలో నల్లని కన్ను వంటి గుర్తు. దీనిని ఆస్కార్ అంటారు. పాల్ ప్రాంతంలో 2014లో నగరపాలక సంస్థ ప్రారంభించిన జగదీశ్ చంద్ర బోస్ మత్స్య ప్రదర్శనశాలను చూచి వచ్చినప్పటి నుండి పట్టుబట్టి, మా మేనల్లుడు దానిని కొనిపించుకున్నాడు. పేరు రాజా.

ఒక వర్షాకాలంలో నేను వెళ్లేసరికి రాజా మూలన ఒదిగి ఉన్నాడు. నుదుటి మీద ఆవగింజలు పట్టేంత గుంటలు నాలుగైదు. రెండింటి అంచున తెల్లని జిగురు. విసర్జన తెల్లని దారంలా వ్రేలాడుతున్నది.

"మామయ్యా, వీడు చచ్చిపోతాడా?" అని అడిగాడు పన్నెండేళ్ల మేనల్లుడు. నాకు సమాధానం తెలియలేదు. బావగారు అప్పటికే ఒక దుకాణదారుని అడిగి నీలిమందు తెచ్చి తొట్టిలో పోశారు. పది రోజులైనా గుంటలు మానలేదు సరికదా, మరింత పెద్దవైనవి.

ఆస్కార్, డిస్కస్, ఏంజెల్, ఫ్లవర్‌హార్న్ చేపలన్నీ సిక్లిడ్ కుటుంబానికి చెందినవి. తలలో గుంటలు పడే ఈ వ్యాధి ఈ కుటుంబానికి చిరకాల శత్రువు. అయితే తల మీద కనిపించే ప్రతి గుంటా వ్యాధి కాదు. చేపకు ప్రక్కల పొడవునా పార్శ్వరేఖ అనే జ్ఞానేంద్రియం ఉన్నది. దాని శాఖలు తల మీదికి, దవడల మీదికి వ్యాపించి సన్నని రంధ్రాలుగా బయటికి తెరుచుకుంటాయి. నీటిలోని అతి సూక్ష్మమైన కదలికను కూడా చేప వీటి ద్వారా పసిగడుతుంది. (పగలూ రాత్రీ ఆడే మగ్గాల అదురు ఆ తలకు ఎలా తెలుస్తుందో గదా అని నాకు అనిపించింది.) ఈ సహజ రంధ్రాలు కుడి ఎడమలకు సరిసమానంగా, ఒకే పరిమాణంలో, శుభ్రంగా ఉంటాయి. వ్యాధి గుంటలకు ఆ పొందిక ఉండదు. అవి వారం వారం పెరుగుతాయి, రంగు వెలిసిపోతాయి, జిగురు కారుస్తాయి. రాతికో మూతకో తల తగిలి అయిన గాయమైతే సాధారణంగా ఒక్కటే ఉంటుంది. నీరు బాగుంటే త్వరలోనే మానుతుంది. దూదిపింజ వంటి పొర కనిపిస్తే శిలీంధ్రాన్నో బాక్టీరియానో అనుమానించాలి. దాని చికిత్స వేరు.

మరి అసలు వ్యాధికి కారణం ఏమిటి? చాలాకాలం పాటు హెక్సామిటా అనే ఏకకణజీవిని నిందించారు. 1995లో ఏంజెల్ చేప నుండి దాని సమీప బంధువును గుర్తించి స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ అని నామకరణం చేశారు. 2001లో వెలువడిన ఒక పరిశోధన డిస్కస్ చేపల తల గాయాలలోనే ఈ జీవి ఉన్నదని చూపి, వ్యాధికి ఇది కారణం కావచ్చునని ప్రతిపాదించింది. "కావచ్చును" అన్న మాటను గమనించాలి. ఆరోగ్యంగా కనిపించే చేపల ప్రేగులలో కూడా ఇది కొద్దిగా ఉండగలదు. మురికినీరు, ఇరుకుదనం, పోషకాహార లోపం చేపను క్రుంగదీసినప్పుడు ఇది విజృంభిస్తుంది. ఈ జీవి జాడే లేకుండా, కేవలం నీటి దోషం వల్లనో విటమిన్ల లోపం వల్లనో గుంటలు పడిన సందర్భాలు కూడా ఉన్నవి. కనుక మందు బిళ్లతోనే పని ముగుస్తుందనుకోవడం పొరపాటు.

మా మేనకోడలు అప్పుడు బి.యస్సీ.లో జంతుశాస్త్రం చదువుతున్నది. చేప అప్పుడే విసర్జించిన మలాన్ని ఆమె తొట్టి నీటితో సహా చిన్న సీసాలో పట్టుకొని కళాశాల ప్రయోగశాలకు పరుగెత్తింది. ఆలస్యమైతే ఈ జీవులు చనిపోతాయి. అప్పుడు సూక్ష్మదర్శిని క్రింద ఏమీ కదలదు. ఒక చుక్కను గాజు పలకపై పరచి చూస్తే, కశాభాలు కొట్టుకుంటూ వందలకొద్దీ జీవులు అటూ ఇటూ దూసుకుపోతున్నవట. ప్రేగులో శత్రువు ఉన్నట్లు తేలింది.

ఆ సాయంత్రం నీటిని కూడా పరీక్షించాము. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. రాళ్లను, పైన వదిలిన ఖాళీని మినహాయిస్తే నిజంగా ఉన్న నీరు సుమారు 60 లీటర్లు. అమెజాన్ నదీ ప్రాంతంలో పుట్టి, అడుగు పొడవు పెరిగి, పదేళ్లకు పైగా బ్రతకగల చేపకు అది బకెట్టుతో సమానం. అంతటి చేపకు 250 లీటర్లయినా కావాలి. చేప విసర్జించే అమ్మోనియాను వడపోత యంత్రంలో నివసించే బాక్టీరియా మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకుండా చూడడం మంచిది. మా పరీక్షలో అది 80 దాటింది. అంతకంటె ప్రమాదకరమైన విషయం, అమ్మోనియా కూడా కనిపించింది. బావగారు పోసిన నీలిమందు ఆ మేలుచేసే బాక్టీరియానే దెబ్బతీసింది! అక్క ఆదివారం ఆదివారం స్పాంజిని కుళాయి క్రింద తెల్లగా ఉతికి మిగిలిన పని పూర్తిచేసింది. కుళాయి నీటిలోని క్లోరిన్‌కు మంచి బాక్టీరియా, చెడు బాక్టీరియా అన్న భేదం లేదు.

చికిత్స నీటితోనే మొదలైంది. రోజుకు నాలుగో వంతు నీరు తీసి, క్లోరిన్ విరిచిన క్రొత్త నీటిని దాదాపు అదే వెచ్చదనంలో పోశాము. క్లోరిన్‌ను విరవడానికి వాడే పదార్థం సోడియం థయోసల్ఫేట్. ఒకనాటి ఫోటో స్టూడియోలవారు హైపో అని పిలిచినది ఇదే. స్పాంజిని ఇకమీదట తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలని అక్కకు చెప్పాము.

ఆ తరువాతనే మందు. మనుషుల జిగట విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్‌నే పశువైద్యుడు సూచించాడు. 40 లీటర్ల నీటికి 250 మిల్లీగ్రాముల లెక్కన మా తొట్టికి ఒక 400 మిల్లీగ్రాముల బిళ్ల దాదాపు సరిపోయింది. దానిని మెత్తగా నూరి నీటిలో కలిపాము. మూడు రోజులు, ప్రతిరోజూ ముందు కొంత నీరు మార్చి, తరువాత క్రొత్త మోతాదు. వడపోతలో బొగ్గు ఉంటే అది మందును పీల్చివేస్తుంది గనుక ముందే తీసివేశాము. శత్రువు ప్రేగులో ఉన్నది గనుక మందును ఆహారంలో కలిపి ఇవ్వడమే మేలు. కాని రాజా అప్పటికి మేత ముట్టడం మానివేశాడు. నాలుగో నాడు ఒక రొయ్య ముక్కను నోట పట్టి ఉమ్మివేసి, మళ్లీ పట్టి మింగాడు. ఆ మరునాటి నుండి వైద్యుడు చెప్పిన మోతాదులో మందును మేతలోనే ఇచ్చాము. సూక్ష్మదర్శినిలో చూడకుండా ఈ మందును ఊరికే పోయడం మాత్రం తగదు. అది కూడా బాక్టీరియాను చంపగలదు; అనవసరంగా వాడితే క్రిములకు అలవాటై పనిచేయకుండా పోతుంది.

మేత కూడా మార్చవలసి వచ్చింది. ఏడాదిగా రాజాకు కోడి గుండె ముక్కలు, మూత తీసి ఉంచిన డబ్బాలోని పాత గుళికలు తప్ప మరొకటి లేదు. చాలా చేపలు మనవలెనే విటమిన్ సి ని శరీరంలో తయారు చేసుకోలేవు. అది లేనిదే పుండు మానదు. గాలి తగిలిన గుళికలలో అది క్రమంగా నశిస్తుంది. చిన్న డబ్బా క్రొత్తది కొని, రొయ్యలు, ఉడికించి తొక్క తీసిన బఠాణీలు చేర్చాము.

బావగారు మొదట సణిగినా, నెల తిరగకముందే నాలుగడుగుల తొట్టి తెచ్చారు. పాత స్పాంజిని అందులోనికే మార్చారు. జిగురు పది రోజుల్లో ఆగిపోయింది. గుంటలు పూడడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అతి పెద్ద గుంట ఉన్నచోట మాత్రం మచ్చ మిగిలింది.

మొన్న ఫోన్‌లో మేనల్లుడు చెప్పాడు: ఆ మచ్చను చూచి ఇంటికి వచ్చినవారు ఇంకా జబ్బేనా అని అడుగుతున్నారట. వాడు వారికి క్యాలెండర్ చూపిస్తున్నాడు. అందులో నీరు మార్చిన ప్రతి ఆదివారానికీ ఎర్ర గుర్తు ఉన్నది.