చిట్టి చేతులకు కబురెవరు పంపుతారు?

పాపాయి పుట్టగానే తల్లి చేసే మొదటి పని వేళ్లు లెక్కపెట్టుకోవడం! కానీ ఆ లెక్క కడుపులో పడ్డ రెండు నెలల్లోపే తేలిపోతుందని చాలామందికి తెలియదు.

పిండానికి నాలుగో వారంలో భుజాల దగ్గర చిన్న మొగ్గలు పొడుచుకొస్తాయి. అవే చేతులు. ఎనిమిదో వారానికల్లా వేళ్లు విడివడతాయి. ఒంట్లో ఏ కణాన్ని చూసినా దాదాపు అవే జన్యువులు. మరి ఒకచోట చెయ్యి, ఇంకోచోట కన్ను ఎలా వస్తాయంటారా? కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే ప్రొటీన్లనే గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. ఇవి పక్క కణం గడప దగ్గరే ఆగి కబురందిస్తాయి. అది లోపలికి చేరి ఒక జన్యువును నిద్ర లేపుతుంది, మరొకదాన్ని జోకొడుతుంది.

మొగ్గ అంచున సన్నని గట్టులాంటి పొర ఉంటుంది. 1948లో అమెరికా శాస్త్రవేత్త జాన్ సాండర్స్ కోడి పిండంలో ఆ గట్టు తీసేస్తే రెక్క మొండిగా మిగిలిపోయింది. 1993లో దాని స్థానంలో ఎఫ్‌జీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌లో నానబెట్టిన పూసలు పెట్టి చూశారు. రెక్క ఎదిగింది! కోడి పిండంలో మొగ్గను కోసేస్తే మామూలుగా తిరిగి రాదు. 1994లో అక్కడా ఇలాంటి పూసే పెడితే, పోయిన భాగం కొంతవరకు మళ్లీ మొలిచింది.

పుట్టకముందు ఎలుకపిల్లకు వేలి కొన తెగినా మళ్లీ వస్తుంది. ఎంఎస్ఎక్స్1 అనే జన్యువు పనిచేయని పిల్లలకు మాత్రం రాదు. వాటి వేళ్లకు ప్రయోగశాలలో బీఎంపీ4 అనే గ్రోత్ ఫ్యాక్టర్ అందిస్తే కొన మళ్లీ పెరిగిందని 2003లో తేలింది.

ఇదంతా మనకెందుకంటారా? 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్లకూ వాడారు. 1961లో అక్కడ ఆపేసేలోగా పలు దేశాలకు పాకింది. మొత్తం పదివేల మందికి పైగా పిల్లలు లోపాలతో పుట్టారు. చాలామందికి చేతులు కురచ. ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుందనీ, చేప, కోడి పిండాల్లో ఎఫ్‌జీఎఫ్8 కబురు తగ్గిపోతుందనీ 2010లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

మన ఇళ్లలో బిడ్డకు వేలు కురచగా ఉంటే చాలు, “గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందట” అని తల్లినే వేలెత్తి చూపిస్తారు. కత్తిపీటకీ కడుపులోని మొగ్గకీ ఏ సంబంధమూ లేదు. చాలాసార్లు అసలు కారణం డాక్టర్లకే అంతుపట్టదు. ఆ తల్లిని నిందించకండి.

తీసుకోవలసిన జాగ్రత్త వేరే ఉంది. నెల తప్పిందని తెలిసేసరికే చేతుల మొగ్గలు మొదలై ఉండొచ్చు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటినుంచే డాక్టర్ని అడగకుండా మందుల షాపులో మాత్రలు కొని వేసుకోకండి. ఫిట్స్‌కో, షుగర్‌కో మందులు వాడుతున్నవాళ్లు వాటిని హఠాత్తుగా మానేయకుండా, ముందే డాక్టరుతో మాట్లాడండి.