శ్రీహరికోట ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి

తిరుపతి ప్రయాణం ఎలా కట్టాలో బెజవాడ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పులిహోర ఎంత కలపాలో, కింది బెర్తు ఎవరికివ్వాలో ఇంట్లో అందరికీ తెలుసు. తిరుపతికి వంద కిలోమీటర్ల లోపే సూళ్లూరుపేట ఉంది. మన దేశం ఉపగ్రహాలను పైకి పంపే శ్రీహరికోటకు దారి అక్కడి నుంచే. పిల్లల్ని ఒకసారి అటు తీసుకెళ్దామన్న మాట మాత్రం మన ఇళ్లలో అరుదుగా వినిపిస్తుంది. టీవీలో చూపిస్తారుగా, చాలదా అంటారు. చాలదు.

2019 వరకు ఆ మాటకు కొంత అర్థం ఉండేది. మామూలు జనాన్ని లోపలికి రానిచ్చేవారు కాదు. సూళ్లూరుపేట డాబాల మీద నుంచో, పులికాట్ సరస్సు గట్టు మీద నుంచో చూసి తృప్తిపడాల్సి వచ్చేది. ఆ ఏడాది ఇస్రో ఐదు వేల మంది కూర్చునేలా లాంచ్ వ్యూ గ్యాలరీ కట్టింది. ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగంతో దాని తలుపులు జనానికి తెరుచుకున్నాయి. టికెట్టు లేదు. ప్రయోగం తేదీ ఖరారయ్యాక ఇస్రో ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటుంది. పెద్ద ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే నిండిపోతాయి. కాబట్టి ఇంట్లో ఫోను చురుగ్గా వాడే పిల్లకో పిల్లాడికో ఆ పని అప్పగించండి. ఆధార్ కార్డులు ముందే తీసి పెట్టుకోండి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, సామాను ఎంత తక్కువైతే అంత సుఖం.

విజయవాడ నుంచి సూళ్లూరుపేట దాదాపు 350 కిలోమీటర్లు. కారులో అయితే చెన్నై హైవే పట్టుకుని నెల్లూరు, నాయుడుపేట దాటితే చాలు. రైలైతే పొద్దున్నే బయలుదేరే పినాకిని ఉంది. అయితే ముందు చూసుకోవాల్సింది ప్రయోగం వేళ. 2025 నవంబరు 2న ఎల్‌వీఎం3 సాయంత్రం 5.26కి లేచింది. అలాంటి దానికి తెల్లవారుజామున కారులో బయలుదేరినా అందుకోవచ్చు. అదే ఏడాది జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగం ఉదయం 6.23కి జరిగింది. దాన్ని చూడాలంటే ముందు రోజే సూళ్లూరుపేట చేరి పడుకోవాలి. ఉపగ్రహం ఏ కక్ష్యలోకి వెళ్లాలో దాన్నిబట్టే వేళ కుదురుతుంది, మన సెలవులతో దానికి పనిలేదు.

ఇక అసలు సంగతి. ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోనిదే ఈ ప్రయాణం కట్టకండి. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 చూడటానికి నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ సైతం వచ్చారు. ఇంకో 56 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. నిద్ర మానుకుని కూర్చున్న కుటుంబాలు చీకట్లోనే వెనక్కి తిరిగాయి. వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం 2.43కి అది వెళ్లింది. 2013 ఆగస్టులో జీఎస్‌ఎల్‌వీ-డీ5 రెండో దశలో ఇంధనం కారుతోందని గంటా పద్నాలుగు నిమిషాల ముందు ఆపారు. అది ఎగిరింది మరుసటి ఏడాది జనవరి 5న. ప్రోబా-3 ఉపగ్రహాలను మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ మాత్రం 2024 డిసెంబరు 4న ఆగి, మర్నాడే సాయంత్రం 4.04కి వెళ్లిపోయింది. ఆ రాత్రి సూళ్లూరుపేటలో ఆగిపోయిన వాళ్లకు చూసే అవకాశం దక్కింది. అందుకే ఆ అదనపు రోజు.

ప్రయోగం ఆగినా ఆ రోజు వృథా కాదు. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వెళ్లి దండం పెట్టుకునే తల్లి. చలికాలమైతే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు కనిపిస్తాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా మోకాలి లోతు నీళ్లు, బురదలో ముక్కు పెట్టి వెతుక్కునే కొంగలు. ఈ నీళ్లు మనకు పరాయివి కావు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను అందుకుంటుంది. ఆ కాలువ పులికాట్ మీదుగానే మద్రాసుకు వెళ్తుంది. పడవలు తిరిగిన రోజుల్లో మన డెల్టా ధాన్యం ఈ దారినే వెళ్లేది.

గ్యాలరీలో కూర్చున్నాక పిల్లలకు ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: వెలుగు ముందు, చప్పుడు తర్వాత. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ప్రయోగ వేదిక అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం. ఒక సాయంత్రపు ప్రయోగంలో నా ముందు మెట్టు మీద నాగాయలంక నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పక్కన మనవడు కూర్చున్నారు. చెట్ల పైన కళ్లు మూసుకునేంత నారింజ వెలుగు లేచింది. జనం అరిచారు. రాకెట్ మాత్రం నిశ్శబ్దంగా పైకి వెళ్తోంది. “తాతయ్యా, చప్పుడు లేదేంటి?” అన్నాడు పిల్లాడు. “ఉండరా, వస్తుంది” అని ఆయన అంటుండగానే వచ్చింది. చెవులకన్నా ముందు ఛాతీకి తగిలింది. మెట్టు మీద పెట్టిన నీళ్ల సీసా గడగడలాడింది. పిల్లాడు రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నాడు, తల మాత్రం దించలేదు.

ఆ పెద్దాయన అక్కడికి రావడంలో నాకు ఒక న్యాయం కనిపించింది. 1977 నవంబరు 19న ఉప్పెన ఆయన ఊరున్న దివిసీమను ముంచినప్పుడు ఆకాశం నుంచి తుపానును కనిపెట్టి చెప్పే ఉపగ్రహం మనకు సొంతంగా లేదు. ఇవాళ బంగాళాఖాతం మీద మేఘాలను కనిపెట్టుకుని ఉండే ఇన్‌శాట్-3డీఆర్ 2016లో, 3డీఎస్ 2024 ఫిబ్రవరిలో లేచింది ఈ శ్రీహరికోట దీవి నుంచే. డెల్టా పిల్లలు చూడాల్సిన చోటు ఇదని నేను గట్టిగా అనడానికి కారణం అదే.

రాకెట్ రెండు మూడు నిమిషాలకే చుక్కంతై కనుమరుగవుతుంది. మిగతాదంతా తెర మీద చూడాల్సిందే. అప్పుడే లేచి పార్కింగ్‌కు పరిగెత్తకండి, ఎలాగూ అన్ని కార్లూ ఆ ఒక్క రోడ్డునే పట్టాలి. ఉపగ్రహం విడిపోయిందన్న మాట విని లేవండి. ఒక్కోసారి ఆ మాట రాదు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 కళ్ల ముందు చక్కగానే లేచింది, మూడో దశలో దెబ్బతింది. 1979 ఆగస్టులో తొలి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడింది, 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇంటికొచ్చే దారిలో పిల్లలకు ఆ రెండూ కలిపి చెప్పండి.

మనుషులను తీసుకెళ్లే గగన్‌యాన్ రోజున ఆ గ్యాలరీలో సీటు దొరకడం కష్టం. ఈలోగా ఏదో ఒక చిన్న ప్రయోగానికి వెళ్లి రండి. గేటు ఎక్కడో, ఎండ ఏ వైపు నుంచి కొడుతుందో, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో తెలిసిన కుటుంబమైతే ఆ రోజు పేర్లు నమోదు చేసుకోవడమే మిగులుతుంది.